గోదాం కుక్క తల

"నాకు దాని తల కావాలె, అప్పా," అన్నది శృతి.

కాశప్ప నోటిదాకా వచ్చిన జొన్నరొట్టె ముక్క అక్కడే ఆగింది. మొదటి బస్సు దిగి, భుజం మీది బ్యాగు కూడా దించకుండా చెప్పులతోనే వెనక గోదాంలోకి పోయి, ఇంతసేపటికి బయటికి వచ్చిన కూతురు ఇంట్లోవాళ్లతో అన్న మొదటి మాట అది.

"దేని తల?"

"బాద్షాది. నడుము పడిపోయింది. గుటక పడుతలేదు. మధ్యాహ్నం దాక బతికితే ఎక్కువ. సూదేసి నొప్పి లేకుండ నేనే పంపిస్త. తర్వాత తల కోసి, ఐసుల పెట్టి హైదరాబాద్ తీస్కపోత. మెదడు సూస్తెనే తెలుస్తది, పిచ్చి లేసిందా లేదా."

వంటింటి గడపలో ఉన్న అతని భార్య శివగంగ చేతిలోని చెంబును నేలమీద పెట్టింది. మెడలో లింగం వేసుకున్న ఇల్లు అది. కోడిగుడ్డు పెంకు కూడా ఆ గడప ముట్టలేదు. అలాంటి ఇంటి వాకిట్లో, స్నానమైనా చేయని ఆడపిల్ల, పొద్దున్నే కుక్క తల కోస్తానంటోంది.

కాశప్ప ముక్క నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. కోపం వచ్చినప్పుడు మాట్లాడకపోవడం కంది బేరాలు చేసే అడ్తి దుకాణం నేర్పిన విద్య. ఎదుటివాడు ఊరుకోలేక ఇంకో మాట జారుతాడు. ఆ మాట పట్టుకుంటే చాలు.

శృతి జారింది.

"పరీక్ష దాక ఆగొద్దు. వదినెను ముందుగాల దవాఖానకు తోల్కపోవాలె. ఇయ్యాలనే."

"ఎందుకు?" అన్నాడు కాశప్ప. "అది పిచ్చిది కాదని నువ్వే చెప్పినవ్ గద."

"చెప్పిన."

"నలుగుర్ల చెప్పినవ్. పోయిన ఆదివారం, గీ వాకిట్లనే. గల్లీ పోరలు కట్టెలు పట్టుకొని వస్తె అడ్డం నిలబడ్డవ్. ఇది కుక్కలకే వచ్చే బీమారి, మనుషులకు అంటదు, కొట్టకుర్రి అన్నవ్. అన్నవా లేదా?"

"అన్న. ఆదివారం నాడు కనపడ్డదాన్ని బట్టి అన్న. కాలు కొట్టుకుంటుండె, దవడ ఆడిస్తుండె. డిస్టెంపర్ బీమారిల గట్లనే ఉంటది. ఇయ్యాల సూస్తె వేరే ఉంది అప్పా. గొంతు మారింది, చొంగ ఆగుతలేదు."

"అంటె ఆదివారం తప్పు చెప్పినవ్."

శృతి బ్యాగు దించి అరుగు మీద పెట్టింది.

"మాట అన్నంక మాటే," అన్నాడు కాశప్ప. "ఆదివారం ఒక ధర, శనివారం ఒక ధర అంటె బజార్ల నిన్ను నిలవనియ్యరు."

అది అతను ఊరికే అన్న మాట కాదు. రుమాలు కింద వేళ్లు పట్టుకుని ధర ఒప్పుకున్నాక, మధ్యాహ్నానికి కంది పడిపోయినా లేచినా ఆ ధరే ధర. తండ్రి కాలం నుంచి ఖేడ్ బజారులో వాళ్ల దుకాణం నిలబడింది ఆ కట్టు మీదనే. జబ్బు కూడా అలాగే ఒకసారి తేలిపోయే వస్తువని కాశప్ప మనసారా నమ్మాడు. నమ్మినందుకే బుధవారం నాడు కోడలు నీలమ్మ రొట్టె వేయబోతే ఆ కుక్క ముంజేతిని పట్టుకుని విదిలించినప్పుడు కూడా అతను పెద్దగా కంగారు పడలేదు. గాయంలో పసుపూ సున్నమూ కూరించి, సాయంత్రానికి జీపు మాట్లాడి, నాగల్‌గిద్ద దగ్గర పసరు పోసే ముసలాయన ముందు కూర్చోబెట్టి తెచ్చాడు. దవాఖానకు పోతే కుక్క కరిచిందని రాసుకుంటారు. రాసుకున్న మాట ఊరంతా తిరుగుతుంది. పసరు ఊరు తిరగదు.

"కరిచిన నాడే నాకెందుకు ఫోన్ చెయ్యలే?" అన్నది శృతి. "గురువారం మాపటికి అవ్వ దొంగతనంగ చెప్పేదాక నాకు తెల్వదు. నిన్న బంద్ లేకుంటె నిన్ననే వచ్చేదాన్ని."

కాశప్ప భార్య వైపు చూశాడు. శివగంగ చెంబు వైపు చూసింది.

"చేస్తె ఏం జేస్తుంటివి?" స్తంభానికి ఆనుకుని సెల్‌ఫోన్ నొక్కుకుంటున్న కొడుకు సోమనాథ్ తల ఎత్తకుండానే అన్నాడు. కరిచింది అతని పెళ్లాన్నే. "అప్పుడే వచ్చి తల కోస్తుంటివా? చదివి చదివి ఆఖరుకు కసాయోల్ల దందకు వచ్చినవ్."

"నీ పెండ్లాం అన్నా. అయిదో నెల. నీకు నవ్వులాటగ ఉందా?"

"నవ్వులాట నీదే. ఈ కుక్కను సెల్‌ఫోన్ల వీడియో తీసుకొని పోయి మీ సార్లకు చూపెడితివి. వాళ్లు శెభాష్ అన్నరని అవ్వకు ఫోన్ చేసి మురిసిపోతివి."

ఆ దెబ్బ తగిలింది. కూతురి చెవుల దాకా నెత్తురు పాకడం కాశప్ప చూశాడు.

రెండువేల ఒకటిలో ఆమెకు పశువైద్యంలో సీటు వచ్చినప్పుడు అతను వేసుకున్న లెక్క వేరు. గొడ్ల డాక్టరంటే చుట్టుపక్కల రైతు మొక్కుతాడు. మొక్కిన రైతు కంది వేరే గోదాంకు పోదు. ఆ లెక్క రెండేళ్లకే చెడింది. ఆమె బర్రెలనూ ఎద్దులనూ వదిలేసి కుక్కలూ పిల్లుల వైపు పోయింది. అక్కడైనా కుదురుకోక వాటి నరాలు, మెదడు అంటూ పరిశోధనలో పడింది. పిచ్చికుక్కలని ఊళ్లవాళ్లు కొట్టి చంపేవాటిలో చాలావాటికి అసలు పిచ్చి ఉండదనీ, డిస్టెంపర్ వచ్చిన కుక్కలను మనుషులు అనవసరంగా చంపుతున్నారనీ రుజువు చేయడం ఆమె పట్టుకున్న పని. ముప్పైకి దగ్గర పడుతోంది. సంబంధాలవాళ్లు అమ్మాయి ఏం చేస్తదని అడిగితే "డాక్టర్" అనేవాడు కాశప్ప. రెండో ప్రశ్న రాకముందే చాయ్ తెమ్మని కేకేసేవాడు.

"అప్పా," అన్నది శృతి, గొంతు తగ్గించి. "నీ లెక్కలనే చెప్త. సంచి గుచ్చి గింజ తీసి సూడకుండ నువ్వు కంది కొంటవా?"

"కొన."

"గదే అడుగుతున్న నేను."

"కొనేటప్పుడు గుచ్చి సూస్త," అన్నాడు కాశప్ప చేయి కడుక్కుంటూ. "అమ్మేటప్పుడు గుచ్చనియ్య."

సోమనాథ్ నవ్వాడు. శృతి నవ్వలేదు. వదినె ఏదని అడిగింది. మాత్రేసుకుని ఇప్పుడే కన్ను మూసింది, లేపకు అన్నది శివగంగ. అదే ఆమె ఆ పొద్దున మాట్లాడిన మొదటి మాట.

కాశప్ప తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడిగా తుడిచాడు. తరవాత, సరుకు నచ్చకపోయినా పాత గిరాకీని పోగొట్టుకోలేనివాడిలా అన్నాడు.

"సరే తీస్కపో. వాకిట్ల మాత్రం వద్దు, గోదాం ఎనక కోసుకో. ఐసు ఏడ దొరుకుతది?"

శృతి నమ్మలేనట్టు చూసింది. "డిపో కాడ సోడాల దుకాణంల ఉంటది. కత్తులు, చేతులకు తొడుగులు పశువుల దవాఖానల అడిగి తెస్త. నేను వచ్చేసరికి వదినెను లేపి తయారు చెయ్యుర్రి. ఆటో మాట్లాడుకొని వస్త. మొదటి సూది ఇక్కడ్నే వేయిద్దాం. గాయం చుట్టూ పొడిచే మందు ఇంకోటుంది, అది హైదరాబాద్‌లనే దొరుకుతది."

"పోయి రా."

"బాద్షా దగ్గరికి ఎవ్వరు పోవద్దు. పానం పోయినా సరే, తల ముట్టొద్దు. తల పాడైతె ఏం లేదు."

"పోయి రా బిడ్డా," అన్నాడు కాశప్ప మళ్లీ.

ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా అరుగు మీదనే నిలబడ్డాడు.

*

తల హైదరాబాదుకు పోతే వచ్చే జవాబులు రెండే.

పిచ్చి లేదని వస్తే తనకు కొత్తగా కలిసేది ఏమీ లేదు. ఇప్పటికే ఊరు అదే అనుకుంటోంది. ఉందని వస్తే అంతే సంగతి, కంది సంచుల మీద పడుకునే కుక్క అది. ఇవాళ బీదర్ నుంచి పప్పు మిల్లువాళ్లు వస్తున్నారు. ఆ మాట చెవిన పడితే మళ్లీ ఈ గల్లీ తొక్కరు. నీలమ్మ పుట్టింటివాళ్లు దిగి వాకిట్లో కూర్చుంటారు. హైదరాబాదులో కూతురి చదువుకు మచ్చ పడుతుంది. ఒక పక్క సున్నా, ఇంకో పక్క అంతా నష్టం. అలాంటి బేరానికి కూర్చునేవాడు వ్యాపారి కాడు.

కోడలి సంగతి? పసరు పడింది. పసరు తాగిన ఎంతోమంది బతికే ఉన్నారు. ఆ మాటను కాశప్ప మనసులో రెండుసార్లు తూచాడు. రెండోసారి కొంచెం తక్కువ తూగినట్టు అనిపించింది. మూడోసారి తూచలేదు.

"ఏయ్ యేసయ్యా!"

గోదాం ముందు సంచులు కుడుతున్న హమాలీ యేసయ్య దబ్బనం నోట్లో పట్టుకుని లేచి వచ్చాడు. సిర్గాపూర్ మనిషి. పట్నం కూలికి పోయి, అక్కడి నుంచి తిరిగివచ్చి కాశప్ప దగ్గరే కుదిరాడు.

"కుక్కను జల్దీ ఖతం చెయ్. తల మీద కొట్టు."

"సచ్చేటట్టే ఉంది గద సేటూ. దానంతట అదే పోతది."

"తల మీద అన్న. తల మిగలొద్దు."

యేసయ్య దబ్బనం నోట్లోంచి తీశాడు. "తల మిగలొద్దంటె, ఎట్ల?"

కాశప్ప తక్కెడ పక్కన వరసగా పెట్టిన ఇనుప తూకపు బాట్ల వైపు చూపించాడు. అన్నిటికంటే పెద్దదాన్ని.

పొట్టు పోసే చీకటి మూలలో గోనె మీద పడి ఉంది బాద్షా. తోక కదిలే స్థితి దాటిపోయింది. కాశప్ప అడుగుల చప్పుడుకు కళ్లు మాత్రం ఇటు తిరిగాయి. ఎలుకలు గోనె కొట్టకుండా ఎన్నో కాపుల కందిని కాచిన కుక్క. పని చేసినంత కాలం రొట్టె వేశాం, అక్కడికి చెల్లు, అనుకున్నాడు కాశప్ప. అనుకుని బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

ఒక దెబ్బ వినిపించింది. కాసేపటికి ఇంకొకటి. ఆ రెండోది అవసరం లేకపోయిందని చప్పుడును బట్టే తెలిసింది.

"గడ్డపార తీస్కపోయి వాగు ఒడ్డున పాతెయ్," అన్నాడు తలుపు తెరవకుండానే.

*

యేసయ్య గోనె మూట ఎడమ భుజాన వేసుకుని కదిలేలోపే శృతి వచ్చేసింది. చేతిలో థర్మకోల్ డబ్బా. వెనక ఆటో ఆగి ఉంది. మూట అడుగున తడి చూసి ఆగిపోయింది.

"దించు," అన్నది.

యేసయ్య సేటు వైపు చూశాడు. దించాడు. ఆమె గోనె మూతి విప్పి చూసింది. మళ్లీ కట్టేసింది.

"ఎవరు చెప్పిన్రు?"

"బాధ పడుతుండె," అన్నాడు కాశప్ప. "సూడలేక..."

"తల మీదనే ఎందుకు?"

యేసయ్య ఈ మాటల మధ్య ఉండటం మంచిది కాదని మూట ఎత్తుకుని వాగు వైపు వెళ్లిపోయాడు. కాశప్ప అతను దూరమయ్యేదాకా ఆగి, కూతురి దగ్గరికి జరిగి, బేరగాడి గొంతుతో మెల్లగా అన్నాడు.

"నీ కోసమే చేసిన బిడ్డా. ఇగ ఆలోచించు. ఆదివారం నువ్వు చెప్పిన మాట తప్పని అనేటోడు ఇప్పుడు ఎవ్వడున్నడు? మీ సార్లు శెభాష్ అన్న కుక్క అట్లనే ఉంటది. నీ కాగితాలు నిలుస్తయి, నా సరుకు నిలుస్తది. ఎవ్వరికి నష్టం లేదు."

శృతి మాట్లాడలేదు.

ఆ మౌనాన్ని కాశప్ప రుమాలు కింద వేలును తడిమినట్టు తడిమి చూశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ వేలు తన చేతిలో నిలిచింది. తన రక్తమే, అనుకున్నాడు. అంతలో అది జారిపోయింది.

"నా కాగితాలకెల్లి బాద్షాను నేనే కొట్టేస్త," అన్నది శృతి. "తప్పు చెప్పిన అని రాస్త. గది నా బాధ. నీకు ఒక సంగతి తెల్వదు అప్పా. కుక్క దొరకకపోతె, మెదడు దొరకకపోతె, పిచ్చి లేదని అనుకోరు. పిచ్చిదే అని లెక్క. ఏ దేశంల అడుగు, గదే లెక్క. పిచ్చి లేదు అనే జవాబు రానీకె ఒక్కటే తొవ్వ ఉండె. దాన్ని నీ బాటుతోని నువ్వే పచ్చడి చేసినవ్."

కాశప్ప ఎంత తిప్పి చూసినా ఆ లెక్కలో ఆమె వేసిన గీత దగ్గరే ఆగుతున్నాడు. జీవితంలో అతను ఎదుటివాడి తక్కెడలో దోషం పట్టుకున్నాడు గాని, తన తక్కెడలో దోషం బయటపడటం ఇదే మొదలు.

"అయితె నాకు పిచ్చి లేస్తదా?"

నీలమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, ఎంత విన్నదో తెలియదు. పసుపు కట్టు ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, కడుపుకు ఆనించుకుంది.

"లేవదు వదినె," శృతి ఒక్క ఉదుటున దగ్గరికి పోయింది. "ఇయ్యాల సూదులు మొదలు పెడితె లేవదు. ఆటో నిలబెట్టిన. రా."

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఆదివారం నువ్వు దాని నోట్ల చెయ్యి పెట్టి, పండ్లు ఇగిలించి సూసినవ్. నీకు భయం కాలేదా?"

"లేదు."

"ఎందుకు కాలేదు?"

శృతి తల దించుకుంది. "మేము చదువుకునేటప్పుడే సూదులు వేయించుకుంటం. అందరం."

"అట్లనా?" నీలమ్మ గొంతు పెరగలేదు. "నువ్వు సూదులు వేయించుకొని, నన్ను మాట మీద ఉండమన్నవ్. కుక్కకేం లేదు వదినె, రొట్టె వెయ్యి, ఉపాసం పెట్టకు అన్నవ్. నేను వేసిన."

"వదినె..."

"నీ చదువు కుక్కలు బతకనీకె అన్నరు. నేను ఎవరి లెక్కల వస్త?"

శృతి కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకునే హక్కు లేదన్నట్టు అలాగే నిలబడి, "తిట్టు. ఆటోల తిట్టు. హైదరాబాద్ దాక తిట్టు. ముందు ఎక్కు," అన్నది.

"ఎక్క. పసరు మీద సూది పడితె కడుపుల బిడ్డ నిలవదన్నడు ముసలాయన. అమాస దాటేదాక సూది ముట్టనని లింగం మీద చెయ్యి పెట్టించిన్రు. మామనే పెట్టించిండు." ఆమె కాశప్ప వైపు తిరిగింది. "చెప్పున్రి మామా. ఏ మాట నిలవాలె?"

కాశప్పకు ఆ క్షణంలో చెప్పాల్సింది ఏమిటో తెలుసు. పో అమ్మా, నాది తప్పు. అంతే. అది నోటిదాకా వచ్చింది. కానీ ఎదురుగా సోమనాథ్ ఉన్నాడు, ఆటోవాడు మెడ చాచి వింటున్నాడు, ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు పని ఆపి నిలబడ్డారు. కాశప్ప భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

కదిలింది శివగంగ. వంటింటి గడప దాటి, వాకిలి దాటి, గోడ పక్కనున్న కోడలి చెప్పులు చేత్తో తీసుకుంది. తెచ్చి నీలమ్మ పాదాల ముందు జత చేసి పెట్టింది. అత్త కోడలి చెప్పులు మోయడం ఆ గల్లీ ఎన్నడూ చూడలేదు.

"తొడుక్కో," అన్నది. "ఒట్టు తప్పిన పాపం నాకు. బిడ్డకు ఏమన్న అయితె నన్ను అడుగు. నీకే ఏమన్న అయితె అడగనీకె నువ్వుండవ్."

నీలమ్మ చెప్పులు తొడుక్కుంది. సోమనాథ్ ఫోన్ జేబులో పెట్టుకుని ముందుకు వస్తే, "మీరొద్దు," అన్నది. శృతి పట్టుకోబోయిన చేతిని విడిపించుకుని తానే ఆటో ఎక్కింది. శృతి ఆమె పక్కన కాక, డ్రైవరు పక్కన ఇరుకుగా కూర్చుంది.

ఆటో కదిలింది. గల్లీ చివర కంది బండి ఒకటి అడ్డం తిరుగుతుంటే దాని వెనక ఆగి హారన్ కొట్టసాగింది.

పోనీ, అనుకున్నాడు కాశప్ప. కోడలు దక్కుతుంది. ఇక్కడ ఒక్క సూది పోను మిగతావి హైదరాబాదులో వేయించుకుంటే ఖేడ్‌లో ఎవరికి తెలుస్తుంది? చెకప్‌కు పోయిందని చెప్పొచ్చు. అటు వైపు లెక్క ఎలాగో ఒకలాగ సర్దుకుంటుందని ఊపిరి తీసుకున్నాడు.

"సేటూ."

యేసయ్య దగ్గర్లోనే ఉన్న వాగు ఇసుకలో మూటను పూడ్చి తిరిగి వచ్చాడు. గడ్డపార గోడకు ఆనించి, రుమాలు అంచుతో ఎడమ కన్ను రుద్దుకుంటున్నాడు. కన్ను ఎర్రగా ఉబ్బి ఉంది. చెంప మీద, కనుబొమ మీద ఎండిన మరకలు.

"ఏమైంది?"

"దెబ్బ పడంగనే చిల్లింది సేటూ. కంట్ల పడ్డది. అప్పటికెల్లి మండుతుంది."

కాశప్ప ఆ కన్ను వైపు చూశాడు. తరవాత గల్లీ చివరికి చూశాడు. ఆటో ఇంకా అక్కడే ఉంది. వెనక సీటులో ఇంకో మనిషికి చోటుంది. ఒక్క కేక వేస్తే శృతి దిగి పరుగెత్తుకుని వస్తుంది. వచ్చి, ఏం చిల్లింది, ఎక్కడ పడ్డది, ఎవరు కొట్టమన్నారు అని అడుగుతుంది. హమాలీ నోట్లో పడిన మాట సాయంత్రానికి బజారులో ప్రతి తక్కెడ మీదా ఉంటుంది.

అటు నుంచి బీదర్ మిల్లువాళ్ల జీపు కంది బండిని తప్పించుకుని గల్లీలోకి తిరిగింది. ఆటోకు దారి దొరికింది.

"నల్లా కాడ కడుక్కో పో," అన్నాడు కాశప్ప.

యేసయ్య పోలేదు. "అమ్మాయి గంత పరేషాన్ అయితుండె. కుక్క మంచిదేనా సేటూ? ఏమన్న పిచ్చిదా?"

జీపు దుకాణం ముందు ఆగింది. లోపలి మనుషులు దిగుతూ కన్నడంలో పలకరిస్తున్నారు. కాశప్ప వాళ్ల కోసం ముఖాన నవ్వు పెట్టుకున్నాడు.

"మంచిదే," అన్నాడు యేసయ్యతో.